తొక్కడం మానేసి పీకడం మొదలెట్టిన మారియో

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, ఫ్యాన్ ఒక పాయింట్ తగ్గిద్దాం. నాకంటే అదే గట్టిగా మాట్లాడుతోంది.

ఇవాళ నేను ఒకే ఒక్క వీడియో గేమ్ గురించి మాట్లాడతాను. సూపర్ మారియో బ్రదర్స్ 2. 1988 అక్టోబర్‌లో అమెరికాలో వచ్చింది. పేరు చెప్పగానే ముందు వరసలో ఇద్దరు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు అర్థం నాకు తెలుసు. "అది అసలు మారియో ఆటే కాదు కదా!" అంతేనా? నిజమే, కాదు. ఆ సంగతి నేనే ముందు ఒప్పేసుకుంటాను. కానీ మన వాళ్లంతా ఆ ఒక్క మాట అనేసి లేచి వెళ్లిపోతారు, తర్వాత ఏముందో చూడరు. నా గొడవంతా దాని గురించే.

ముందు ఇంట్లో జరిగింది చెప్తాను. మా నాన్నకి చిక్కడపల్లిలో టీవీ రిపేరు షాపు ఉండేది. మా ఇంట్లో కొత్త టీవీ ఎప్పుడూ లేదు గానీ, వాళ్లవీ వీళ్లవీ రిపేరుకొచ్చిన టీవీలు మాత్రం ఎప్పుడూ నాలుగైదు ఉండేవి. అందులో ఏది పనిచేస్తే దానికి వీడియో గేమ్ తగిలించుకునేవాణ్ని. తొంభైల్లో మన ఊళ్లో దొరికినవన్నీ, మారియోని చేసిన నింటెండో కంపెనీ జపాన్‌లో అమ్మిన ఫ్యామికామ్ అనే గేమ్ మెషీన్‌కి నకళ్లే అని మీకందరికీ తెలుసు. పసుపు రంగు కేసెట్, దాని మీద 'వంద ఆటలు' అని స్టిక్కర్, లోపల చూస్తే ఓ ఇరవై ఆటలు ఐదేసి సార్లు. అందులో మారియో ఒకటి తప్పకుండా ఉండేది. మొదటి మారియో, 1985లో వచ్చింది.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాంపల్లి నుమాయిష్‌లో ఒక స్టాల్ దగ్గర 'మారియో 2' అని రాసున్న కేసెట్ చూశాను. నూట ఇరవై అన్నాడు. నాన్న ఎనభైకి బేరం తెగ్గొట్టారు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. పెట్టి చూస్తే ఏముంది, అదే మారియో. అదే ఇటుకలు, అదే తాబేళ్లు. చొక్కా రంగు మార్చారు, అంతే. నేను ఏడుపు మొహం పెట్టేసరికి నాన్న స్క్రూడ్రైవర్ తీసి కేసెట్ వెనక విప్పారు. లోపల రెండు వేళ్ల వెడల్పు బోర్డు, దాని మధ్యలో నల్లటి బొట్టులాంటి చిప్, చుట్టూ అంతా ఖాళీ. బియ్యం డబ్బాలో అడుగున గుప్పెడు గింజలు ఉన్నట్టు. "ఒరేయ్, దీంట్లో పట్టేది ఇంతే, వాడు రాసింది మాత్రం అంత" అన్నారాయన. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

అసలు మారియో 2 నేను చూసింది 2003లో. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటర్నెట్ కేఫ్, గంటకి పదిహేను రూపాయలు. పక్క సీటు కుర్రాడు ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌ని పాత గేమ్ మెషీన్‌లా నడిపించే ప్రోగ్రామ్‌లో, ఏవో పాత ఆటలు తెరుస్తుంటే జాబితాలో పేరు కనపడింది. నుమాయిష్ కేసెట్ గుర్తొచ్చి ఒళ్లు మండింది. సరే, పెట్టు చూద్దాం అన్నాను.

మొదటి స్క్రీన్‌లో ఆకాశంలో ఒక తలుపు తెరుచుకుంది. అందులోంచి మారియో కిందకి పడ్డాడు. కుడివైపు పరిగెత్తడం కాదు, కిందకి పడడం! తర్వాత ఎర్ర గౌను, తెల్ల ముసుగు వేసుకున్న బుడ్డోడు ఒకడు ఎదురొచ్చాడు. వాడి పేరు షై గై అని తర్వాత తెలిసింది. మనకి అలవాటే కదా, ఎగిరి నెత్తిన తొక్కాను. వాడు చావలేదు. మారియో వాడి నెత్తిమీద నిలబడ్డాడు. వాడు నడుస్తూనే ఉన్నాడు, మారియో వాడి మీద ఊరేగుతూనే ఉన్నాడు. "అన్నా, ఇది హ్యాంగ్ అయినట్టుంది" అన్నాను పక్క కుర్రాడితో. వాడు నా వైపు జాలిగా చూసి, "బి నొక్కు" అన్నాడు. నొక్కితే మారియో వంగి, తన కాళ్ల కిందున్నవాణ్ని లాగి, నెత్తిన ఎత్తుకున్నాడు. మళ్లీ నొక్కితే విసిరాడు. వాడెళ్లి ఇంకొకడికి తగిలి ఇద్దరూ కలిసి కింద పడిపోయారు.

ఆ రోజు నలభై ఐదు రూపాయలు వదిలాయి.

సరే, ఇప్పుడు ఆ నవ్విన ఇద్దరి సంగతికి వద్దాం. ఈ ఆట మీద కేసు ఏమిటో పూర్తిగా చెప్పుకుందాం. మొదటి మారియో తర్వాత 1986 జూన్‌లో జపాన్‌లో ఒక మారియో 2 వచ్చింది. అది కేసెట్ కాదు, డిస్క్. చూడ్డానికి మొదటి దానిలాగే ఉంటుంది గానీ పగ పట్టినట్టు ఆడిస్తుంది. బలమిచ్చే పుట్టగొడుగు అని తింటే విషం. దూరం దూకుదామంటే ఎదురుగాలి. దగ్గరి దారి దొరికిందని వెళితే అది నిన్ను వెనకటి లోకానికి తీసుకెళ్లి పడేస్తుంది. నింటెండో అమెరికా ఆఫీసులో ఆటలు ఆడి చూసి చెప్పే హోవర్డ్ ఫిలిప్స్ దాన్ని ఆడి, ఇది మరీ కష్టంగా ఉంది, ఇక్కడివాళ్లకి పనికిరాదు అన్నాడు. అమెరికాకి ఇంకో మారియో 2 కావాల్సి వచ్చింది.

అప్పుడు వాళ్ల దగ్గర ఒక ఆట తయారుగా ఉంది. 1987లో ఫుజీ టీవీవాళ్లు 'యుమే కోజో' అని, అంటే కలల ఫ్యాక్టరీ అని, పెద్ద ఉత్సవం చేశారు. దాని బొమ్మలుగా ఒక అరబ్బు వేషాల కుటుంబం: ఇమాజిన్ అనే కుర్రాడు, లీనా అనే అమ్మాయి, ఒక మమ్మీ, ఒక డాడీ. ఈ నలుగురినీ పెట్టి నింటెండో ఆ జూలైలో 'యుమే కోజో: డోకి డోకి పానిక్' అనే డిస్క్ ఆట చేసిచ్చింది. అమెరికాకి పంపేటప్పుడు ఇమాజిన్ తీసి మారియోని, మమ్మీ తీసి మారియో తమ్ముడు లూయీజీని, లీనా తీసి పీచ్ రాకుమారిని, డాడీ తీసి పుట్టగొడుగు తల టోడ్‌ని పెట్టారు. కథ అంతే. అందుకే దీన్ని దొంగ మారియో అంటారు.

మన దగ్గర ఇలాంటివి కొత్తా? పక్క భాషలో ఆడిన కథ తెచ్చి, మన హీరోని పెట్టి, ఊరి పేరు మార్చి రిలీజ్ చేస్తే వంద రోజులు ఆడించినవాళ్లం మనం. కాబట్టి రీమేక్ అన్న ఒక్క కారణానికి మన ఊరివాళ్లు మొహం తిప్పుకోవడం నాకు అర్థం కాదు. అయినా ఆ పోలిక కూడా ఇక్కడ పూర్తిగా అతకదు. ఎందుకంటే ఆ అరబ్బు కుటుంబం రాకముందే ఈ ఆటకి ఒక పుట్టుక ఉంది.

దీన్ని డైరెక్ట్ చేసినాయన కెన్సుకే తనాబే. 2011లో ఆయన ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. మొదట చేసింది పైకి ఎక్కే ఆట. ఇద్దరు ఆడాలి, వస్తువుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చుకుని ఎక్కాలి, కావాలంటే పక్కనున్న ఆటగాణ్నే ఎత్తి పైకి విసరొచ్చు. నమూనా చేశారు. ఒక్కడే ఆడితే మజా రాలేదు. మారియోని పుట్టించిన మియామోతో చూసి, పక్కకి కదిలే మారియో పద్ధతి కూడా కలపండి అన్నారు. అంటే మారియోని చేసినవాళ్లే, మారియో ఆటలకి తర్వాత ఏం చెయ్యొచ్చని తడుముకుంటున్న రోజుల్లోనే మొదలైన ఆట ఇది. మధ్యలో ఫుజీ టీవీ వేషం వేసుకుంది, తర్వాత అది విప్పేసి ఇంటికొచ్చింది. దీన్ని పరాయి పిల్లాడంటే ఎలా? పెదనాన్న కొడుకు. ఇంటిపేరు ఒకటే. సంగీతం కూడా మొదటి మారియోకి కట్టిన కోజీ కోండోదే.

పైగా పేర్లు మార్చి ఊరుకోలేదు. డోకి డోకి పానిక్‌లో పరిగెత్తే బటనే లేదు, ఇందులో పెట్టారు. దెబ్బ తగిలి ఒక్క ప్రాణం మిగిలితే మనిషి చిన్నగా అయిపోవడం ఇందులోనే వచ్చింది. గడ్డి కదలడం ఇందులోనే. ఒక బాస్‌ని, అంటే చివర్లో ఎదురయ్యే పెద్ద శత్రువుని, తీసి కొత్తగా పీతని పెట్టారు. అన్నిటికంటే ముఖ్యంగా, పాతదాంట్లో ముగింపు చూడాలంటే నలుగురితోనూ మొత్తం ఆట విడివిడిగా పూర్తి చెయ్యాలి. ఆ శిక్ష తీసేశారు. ప్రతి లెవెల్‌కీ ముందు నీకెవరు కావాలో నువ్వే తీసుకో అన్నారు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి. మొదటి మారియో మొత్తం ఒక్క క్రియ మీద నడుస్తుంది. తొక్కడం. ఎదురొచ్చినవాణ్ని తొక్కు, ముందుకెళ్లు. ఇందులో క్రియ మారింది. పీకడం.

(నవ్వులు)

నవ్వండి, నాకు తెలుసు నవ్వుతారని. "ఏం పీకావురా ఇన్నాళ్లూ" అని మా నాన్న నన్ను ఎన్నిసార్లు అన్నారో, సమాధానం ఈ ఆటలో ఉంది. నేల మీద గడ్డి దుబ్బులు కనపడతాయి. ఒక దుబ్బు మీద నిలబడి బి నొక్కితే మారియో నడుం వంచుతాడు, రెండు చేతులా పట్టుకుంటాడు, ఒక్క క్షణం బలం పెడతాడు, పీకుతాడు. వేరుశనక్కాయ పీకినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఆఁ, ఉన్నారు. మొక్క వెంటనే రాదు కదా. మొదట పట్టు, తర్వాత చిన్న సాగుడు, తర్వాత ఒక్కసారి వదులుతుంది. ఆ సాగుడు ఈ ఆటలో ఉంది. నాలుగు బొమ్మలకి నాలుగు రకాలు. టోడ్ టక్కున లాగేస్తాడు, చిన్నవాడే గానీ గట్టివాడు. పీచ్‌కి అందరికంటే ఎక్కువసేపు పడుతుంది. శత్రువు మీదకొస్తున్నప్పుడు ఆ అర క్షణం ఎంత పొడుగో ఆడితేనే తెలుస్తుంది.

పీకితే ఏమొస్తుందో తెలియదు. చాలాసార్లు ముల్లంగిలాంటి దుంప. ఒక్కోసారి పచ్చి కాయ. ఒక్కోసారి బాంబు, అదీ వత్తి అంటుకుని! దాన్ని ఎక్కడ విసరాలో ఆ రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఒక్కోసారి తాబేటి చిప్ప. ఒక్కోసారి ఎర్ర సీసాలో మందు. అంటే ఆయుధం నీ దగ్గర ఉండదు, నేలలో ఉంటుంది. శత్రువు కూడా నీకు ఆయుధమే, ఎత్తి ఇంకొకడి మీద వెయ్యొచ్చు. నోట్లోంచి గుడ్లు ఉమ్మే గులాబీ రంగు బాస్ ఒకటుంటుంది, బర్డో అని. దాన్ని కొట్టడానికి నీ దగ్గర ఏమీ లేదు. అది ఉమ్మిన గుడ్డు గాల్లో ఉండగానే దాని మీదకి దూకి, నిలబడి, ఎత్తి, దాని మొహానే కొట్టాలి. మూడుసార్లు. అది వేసిన రాయితో దాన్నే కొట్టడమన్నమాట. అదే గుడ్డు మీద ఎక్కి అలా స్వారీ చేస్తూ పోవచ్చు కూడా. తొక్కే ఆటలో శత్రువు అడ్డం. పీకే ఆటలో శత్రువు సరుకు. ఈ తేడాని మనవాళ్లు ఎందుకు లెక్కలోకి తీసుకోరు?

ఇప్పుడొక గది చూపిస్తాను. ప్రొజెక్టర్‌లో పెట్టాను, చూడండి. మొదటి లోకం, మూడో లెవెల్. తాళం వేసిన తలుపు దాటాలంటే తాళంచెవి కావాలి. అది ఈ గదిలో ఉంది. ఇక్కడ గోడ మీద చూడండి, ఎర్రమొహాలు, నవ్వుతున్న ముసుగులు. వీటి పేరు ఫాంటో. ఇంతసేపూ కదలవు. గోడకి తగిలించిన బొమ్మలే అనుకుంటాం, దిష్టిబొమ్మల్లాగా. ఇప్పుడు తాళంచెవి ఎత్తుతాను. ఎత్తాను. చూశారా, ఒకటి వణికింది. వణికి, గోడ నుంచి ఊడి, నా వెనక పడింది.

ఈ గదిలోంచి బయటికెళ్లినా వదలదు. స్క్రీన్ మీద ఓసారి రయ్యిన వచ్చి వెళ్లిపోతుంది, పోయిందిలే అనుకుంటే ఇంకో పక్క నుంచి వస్తుంది. దాన్ని మామూలుగా చంపలేవు. చేతిలో తాళంచెవి ఉంది కాబట్టి ఇంకేదీ ఎత్తలేవు, విసరలేవు. ఒకటే దారి: తాళంచెవి కింద పడెయ్యి. పడేస్తే వెళ్లిపోతుంది. మళ్లీ ఎత్తితే మళ్లీ వస్తుంది. నేను మొదటిసారి ఆ కేఫ్‌లో ఈ గది నుంచి పై దాకా తాళంచెవిని ఎత్తుతూ, పడేస్తూ, ఎత్తుతూ వెళ్లాను. చిన్నప్పుడు కుక్క వెంటపడితే చెప్పులు వదిలేసి పరిగెత్తి, అది ఆగాక మళ్లీ వచ్చి చెప్పులు తీసుకున్నట్టు. చేతులు చెమట పట్టేశాయి. టెన్షన్ అంటే అది.

ఇంత చిన్న మెషీన్‌లో, ఒక్క మాట కూడా రాయకుండా, 'నీ చేతిలో ఉన్నదాని వల్లే నీకు ప్రమాదం' అని ఒక పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పారు. 1985 మారియోలో ఇలాంటి గది ఒక్కటి కూడా లేదు. ఆ ఆటంటే నాకు ప్రాణం, అయినా లేదు.

నలుగురి సంగతి. లూయీజీ అప్పటిదాకా ఎవరు? పచ్చ రంగేసిన మారియో. రెండో ఆటగాడికి రెండో రంగు. ఈ ఆటలోనే పొడుగ్గా అయ్యాడు, గాల్లో కాళ్లు తపతపా కొట్టుకుంటూ దూకడం మొదలెట్టాడు. ఆ కాళ్లు అసలు డోకి డోకి పానిక్ మమ్మీవి! ఇవాళ్టికీ లూయీజీ అలాగే దూకుతాడు. పీచ్ మొదటి ఆటలో ఎనిమిదో కోట చివర నిలబడి ఉండే బొమ్మ. ఇందులో ఆడొచ్చు, పైగా దూకి బటన్ వదలకుండా ఉంచితే గాల్లో ఒకటిన్నర సెకను తేలుతుంది. మా అక్క కూతురు ఈ ఆట మొత్తం పీచ్‌తోనే ఆడింది. "మామయ్యా, మారియోతో ఎవరైనా ఎందుకు ఆడతారు, వాడికి ఏమీ రాదు కదా" అంది. నిజానికి వాడు అన్నీ సగం సగం వచ్చినవాడు. లెవెల్‌ని బట్టి మనిషిని మార్చుకోవడం ఇక్కడి తెలివి. ఇసుక తవ్వాల్సిన చోట టోడ్, పెద్ద అగాధాల దగ్గర పీచ్, ఎత్తుకి ఎక్కాల్సిన చోట లూయీజీ. 2013లో వచ్చిన సూపర్ మారియో 3డీ వరల్డ్ ఈ నలుగురినీ ఇవే విద్యలతో మళ్లీ తెచ్చింది. అదొచ్చినప్పుడు అందరూ ఆహా అన్నారు. పాతికేళ్ల కిందటి దాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

ఆ ఎర్ర మందు సీసా గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. దాన్ని నేలకేసి కొడితే అక్కడ ఒక తలుపు మొలుస్తుంది. లోపలికెళితే అదే చోటు, కానీ అద్దంలో చూసినట్టు తిరగబడి, చీకటిగా ఉంటుంది. అక్కడ పాత మారియో పాట వస్తుంది! మొదటి ఆట పాట, మనందరికీ నోటికొచ్చిన పాట, ఈ చీకటి లోకంలో కొన్ని క్షణాలే వినపడుతుంది, మళ్లీ బయటికి తోసేస్తారు. డోకి డోకి పానిక్‌లో ఇక్కడ వేరే సంగీతం ఉండేది, అమెరికాకి పంపేటప్పుడు మార్చారు. మీరు తొందర్లో అరువు తెచ్చి అంటించిన ఆట అంటారు కదా, అంటించినవాళ్లు ఇంత ఆలోచించి అంటించారు. ఆ చీకట్లో గడ్డి పీకితే దుంపలు కాదు, నాణేలు వస్తాయి. పుట్టగొడుగు కూడా అక్కడే దాగి ఉంటుంది. మందు ఎక్కడ పగలగొట్టాలన్నది నీ ఊహ. ఒక గజం అటూ ఇటూ అయితే పుట్టగొడుగు కనపడదు, సీసా పోయినట్టే.

ఇంకో రెండు సంగతులు గబగబా. ఇందులో టైమ్ లేదు, పాయింట్లు లేవు. నాలుగు వందల నుంచి తగ్గుతూ పోయే అంకె లేదు. వెనక్కి నడవొచ్చు, మొదటి మారియోలో ఎడమవైపు వెళ్లబోతే స్క్రీన్ గోడలా ఆపేసేది, గుర్తుందా? ఇందులో ఎడమ, కుడి, పైకి, కిందకి. ఇది తిరిగి చూసుకోవాల్సిన ఆట. పరుగు పందెంగా ఆడితే నచ్చదు, చాలామందికి నచ్చకపోవడానికి కారణం కూడా ఇదే అనుకుంటాను.

ఇప్పుడు మా నాన్న బియ్యం డబ్బా దగ్గరికి వద్దాం. మొదటి మారియో మొత్తం సైజు 40 కిలోబైట్లు. ఇవాళ మీ ఫోన్‌లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో అంతకంటే పెద్దది. మారియో 2 సైజు 256 కిలోబైట్లు. అంటే ఆరు మారియోలు పట్టే చోటు ఇదొక్కటే తీసుకుంటుంది. అది చాలదన్నట్టు కేసెట్‌లో ఎంఎంసి3 అనే ఇంకో చిప్ కావాలి. మెషీన్ ఒకేసారి చూడగలిగే మెమరీ తక్కువ. ఈ చిప్ ఏం చేస్తుందంటే, పుస్తకంలో పేజీలు తిప్పినట్టు కావాల్సిన ముక్కని ఎప్పటికప్పుడు మెషీన్ ముందు పెడుతుంది. గడ్డి ఊగేది, జలపాతం పారేది ఆ పేజీలు టకటకా తిప్పడం వల్లే. మరి వంద ఆటలు అని స్టిక్కర్ వేసి అమ్మేవాడికి ఏది లాభం? చిన్న ఆటలు దండిగా నింపడమా, ఆరింతలు చోటు తినే ఒక్క ఆట కోసం ఎక్కువ చిప్ పెట్టడమా? మన గల్లీల్లో మొదటి మారియో తెలియనివాడు లేడు, రెండోది చూసినవాడు వందలో ఒకడు లేడు అంటే, అది ఆట తప్పు కాదు. ఆ నల్ల బొట్టులో పట్టలేదు. మనం పెద్దయ్యాక ఇంటర్నెట్‌లో దాని గురించి మొదట విన్నది 'అది అసలు మారియో కాదు' అన్న మాటే. ఆడకముందే తీర్పు చేతికొచ్చింది.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. బర్డో మరీ ఎక్కువసార్లు వస్తుంది. మొదటిసారి భలే అనిపిస్తుంది, ఆరోసారి 'మళ్లీ నువ్వేనా తల్లీ' అనిపిస్తుంది. కష్టపడి తెచ్చిన నాణేలు లెవెల్ చివర లాటరీ మెషీన్‌లో వెయ్యడం నాకు ఎప్పుడూ నచ్చలేదు, అక్కడ నైపుణ్యానికి పెద్దగా పనిలేదు. రెండే కంటిన్యూలు, సేవ్ లేదు. ఏడు లోకాలు, ఇరవై లెవెల్స్, ఒక్క సిట్టింగ్‌లో పూర్తి చెయ్యాలి. మన ఎండాకాలం కరెంటు కోతల్లో ఈ ఆట దొరక్కపోవడమే మంచిదైందేమో. చివర్లో పేర్లు వేసేటప్పుడు బర్డో పేరు ఆస్ట్రో అని, ఆస్ట్రో అనే ఇంకో శత్రువు పేరు బర్డో అని తారుమారు చేశారు కూడా. అది మాత్రం నాకు ముద్దుగానే ఉంటుంది, పెళ్లి శుభలేఖలో అచ్చుతప్పులాగా.

ఇంకో అభియోగం: చివరికి ఇదంతా మారియోకి వచ్చిన కల అని తేలుతుంది, కాబట్టి లెక్కలోకి రాదు. అవును, ఆఖర్న మారియో మంచం మీద పడుకుని ఉంటాడు, బుర్ర పక్కన బుడగలో అందరూ చేతులూపుతుంటారు. కానీ ఆ కలలోవాళ్లు మేలుకున్నాక కూడా పోలేదే! బాబ్-ఆంబ్, అంటే కాళ్లున్న ఆ నడిచే బాంబు, ఇక్కడిదే. షై గైలు 1995లో వచ్చిన యోషీస్ ఐలాండ్ ఆట నిండా ఉన్నారు. తర్వాతి మారియో ఆటల్లో బర్డో కార్లు తోలింది, టెన్నిస్ ఆడింది. జపాన్‌వాళ్లే 1992లో ఈ ఆటని సూపర్ మారియో యూఎస్ఏ అని వెనక్కి తెచ్చుకున్నారు. 2001లో చేత్తో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ అడ్వాన్స్ మెషీన్ మొదలైనప్పుడు దాంతోపాటు వచ్చిన మారియో ఆట కూడా ఇదే, కొత్త రంగులేసుకుని. కన్నవాళ్లకి లేని అభ్యంతరం మనకెందుకో.

కలలో విలన్ ఎవరో చెప్పలేదు కదూ. పెద్ద కప్పరాజు, ఇంగ్లీషులో వార్ట్. వాడికి కూరగాయలంటే పడదు. పక్కనున్న మెషీన్ కూరగాయలు చిమ్ముతుంటే, వాటిని పట్టుకుని వాడు నోరు తెరిచినప్పుడు లోపల వెయ్యాలి. మా అమ్మ ఈ దృశ్యం చూసి, "కాకరకాయ వేపుడు పెడితే నువ్వూ ఇలాగే చేసేవాడివి" అంది. జపాన్‌లో వాడి పేరేంటో తెలుసా? మామూ. హైదరాబాద్‌లో ఆ పేరుతో విలన్ ఉంటే పాతబస్తీ కుర్రాళ్లు ఈ ఆటని వదిలిపెట్టేవాళ్లా?

(నవ్వులు)

ఏంటి తమ్ముడూ, అడుగు. మైకు ఇవ్వండి.

"అన్నా, మీరన్నీ చెప్పారు గానీ, మారియో 3 దీనికంటే గొప్పది కాదా?"

గొప్పదే. ఒప్పుకుంటాను. నేను ఇది అన్నిటికంటే గొప్పది అనలేదు. మారియో 3 మళ్లీ తొక్కే ఆట, ఆ పనిని అంతకంటే బాగా చేసినవాళ్లు లేరు. కానీ చూడు, 3 వచ్చింది కాబట్టి మనం 1 నుంచి 3కి గీత గీసి, మధ్యలోదాన్ని పక్కన పెడుతున్నాం. 1986 జపాన్ మారియో 2 ఆ గీత మీదే ఉంది, అదే బొమ్మలు, అదే ఎగురుడు, ఇంకాస్త కష్టం. పేరుకి అదే అసలైన సీక్వెల్. ఎంతమంది దాన్ని సరదాకి మళ్లీ ఆడతారు? ఇక్కడ చేతులెత్తండి. ఒకటి, రెండు. రెండు. నువ్వు చెయ్యెత్తింది ఫ్యాన్ తగ్గించమనా? సరే, అయితే ఒకటి.

నువ్వే రా, తమ్ముడూ. కంట్రోలర్ తీసుకో. బటన్లు కొంచెం గట్టిగా నొక్కాలి, దీని రబ్బరు నేనే మార్చాను. ఎవరు కావాలి? టోడా? మంచిది. మొదటి లోకం మూడో లెవెల్లోనే ఉన్నాం. తాళంచెవి ఎత్తేదాకా నేనేం మాట్లాడను. ఎత్తాక మాత్రం గోడవైపు చూడకు, పరిగెత్తు.